హామ్‌స్టర్‌కి పరిచిన పత్తి

మా అమ్మాయి హామ్‌స్టర్‌ని తెచ్చుకున్న రోజు నుంచి నా మనసు ఒక చోట నిలవలేదు. అరచేతిలో పట్టే ఎలుక జాతి ప్రాణి అది. దుకాణం అతను పెట్టె అడుగున రంపపు పొట్టు పోసి ఇచ్చాడు. ఇంటికొచ్చాక అది తుమ్మింది. అంత చిన్న ముక్కుకి తుమ్ము ఉంటుందని కూడా నాకు తెలియదు. ఫోన్‌లో వెతికితే ఆ దుమ్ము, కలప వాసన దాని ఊపిరికి మంచివి కావని ఉంది. జల్లెడ పట్టి పోశాను. మళ్ళీ తుమ్మింది. తీసేసి వార్తాపత్రిక చించి వేశాను. తెల్లటి పొట్టకు సిరా అంటింది. తెలిసినవాళ్ళ చేత వేరుశనగ పొట్టు తెప్పించి, అందులో బూజుందేమోనని అదీ పారబోశాను. ఇంట్లో దుప్పట్లు ఉతకడానికి బద్ధకించే మనిషిని, దాని పడక కోసం పొద్దూకులూ అలాగే తిరిగాను.

"ఊరికే మారుస్తాండావు. దాన్ని కాసేపు పండుకోనీ తల్లీ," అంది మా అత్త. "బిడ్డ పుట్టినప్పుడు గూడా నువ్వు ఇంత అగచాట్లు పడ్లేదు."

నవ్వొచ్చింది గానీ నా చేతులు ఊరుకోలేదు.

మా అత్తది ఆదోని పక్క పల్లె. వాళ్ళ చేలో పండేది పత్తే. మేం కర్నూలులో ఉంటున్నా ఏటా ఆమె కోసం ఒక సంచి పత్తి వస్తుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక గింజలు తీసి, దూది విడదీసి, దీపాలకు వత్తులు చేసుకుంటుంది. బజారు వత్తులు చేతిలోనే తెగిపోతాయని ఆమెకు చిరాకు. ఇంట్లో బిడ్డ పుడితే ఆ చేని పత్తితోనే చిన్న పరుపు కుట్టడం వాళ్ళ వైపు ఆనవాయితీ. మా అమ్మాయి మొదట పడుకున్నది దాని మీదే.

ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పెట్టెలో తెల్లటి గుట్ట ఉంది. మధ్యలో గూడు చేసుకుని హామ్‌స్టర్ నిద్రపోతోంది. తుమ్ము లేదు.

"మందు కొట్టని చేనుది. నా చేత్తో గింజ తీసినా. ఇంతకన్నా మెత్తంది యాడుండాది?" అంది అత్త. అమ్మాయి ఆమె మెడ చుట్టూ చేతులేసి వేలాడింది. ఇన్నాళ్ళకు నేనూ స్థిమితంగా కాఫీ తాగాను.

మర్నాడు పొద్దున అది గూట్లోంచి రాలేదు. పట్టుకుంటే కీచుమంది. వెనక కాలికి దూది పోగు చుట్టుకుని బిగిసిపోయింది. పాదం ఉబ్బి నల్లబడుతోంది. కత్తెర తెచ్చాను గానీ ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయాను. అమ్మాయి ఏడుస్తోంది. అత్త హామ్‌స్టర్‌ని ఒళ్ళో పెట్టుకుని, పోగు కొస వెతికి పట్టుకుని, పురి విప్పుకుంటూ వచ్చింది. ఆమె పెదవులు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు.

"బతుకుతుంది. కాలి వేళ్ళు మాత్రం పోవచ్చు," అన్నారు పశువుల డాక్టరమ్మ. "దూది పోగు తెగదమ్మా. కాళ్ళకు చుట్టుకుంటుంది, తిండిలాగే బుగ్గలో దాచుకుంటే కడుపులోకి పోతుంది. రంగూ వాసనా లేని మెత్తటి కాగితం, లాగితే చిరిగిపోయేది వెయ్యండి."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్త బయటికి చూస్తూ, "తెగదనే గదా దాన్ని మంచి పత్తి అనేది," అంది.

ఇంటికొచ్చాక ఆమె పెట్టె దగ్గరికి వెళ్ళబోతే అమ్మాయి అడ్డం నిలబడింది. "నువ్వు ముట్టుకోవద్దవ్వా," అంది. గట్టిగా కూడా అనలేదు. అమ్మాయిని కోప్పడదామనుకున్నాను. కానీ అత్త మీద నాకూ కోపంగానే ఉంది. ఆ కోపం చూసుకుంటే సిగ్గుగానూ ఉంది. ఏం చేయాలో తోచక ఊడ్చిన గదే మళ్ళీ ఊడ్చాను.

సాయంత్రం అత్త తెల్ల టిష్యూ కాగితాలు ముందేసుకుని కూర్చుంది. ఒక్కో ముక్క చించడం, చిటికెన వేలికి చుట్టి లాగడం, ఇట్టే చిరిగితే పళ్ళెంలో వేయడం. పళ్ళెం నిండినా ఆమె లేవలేదు.

"పాపా, నువ్వే ఎయ్యి. నేను ఆడికి రానులే," అంటూ జరిపింది.

అమ్మాయి పళ్ళెం తీసుకుంది. అవ్వ ఎదుటే కూర్చుని, ఒక్కో ముక్కనూ తన వేలికి చుట్టుకుని, మళ్ళీ లాగి చూసి, అప్పుడు పెట్టెలో వేసింది. ఆఖరి ముక్క దాకా అత్త ఆ వేలినే చూస్తూ కూర్చుంది.