అడవికి అడ్డం

కలం గొట్టంలో కరిగిన మైనం గడ్డకట్టకుండా ప్రతి గీతకూ ముందు ఊదడం లాసెం ఊళ్లో మైనంతో బొమ్మలు గీసి రంగులద్దే బాతిక్ బట్టలు వేసే సుమిరాకు నలభై ఏళ్ల అలవాటు. ఊదుతూనే పక్కింటి వార్సినిని ఓరకంట చూస్తుంది. వార్సిని టేకడవి బొమ్మ వేసిన బట్ట కప్పితే ఏడ్చే పసివాళ్లు కూడా ఊరుకుంటారట. సుమిరా గీసిన ఆకులు మాత్రం ఉత్త ఆకుల్లాగే ఉంటాయి. ఆ కిటుకేదో పట్టుకోవాలని ఒక ఉదయం దొంగచాటుగా ఆమె వెంట అడవికి వెళ్లి, చెట్టు చాటున నక్కింది. వార్సిని ఏమీ గీయలేదు. ఎండ నెత్తికెక్కేదాకా ఊరికే కూర్చుంది. ఆమెను కనిపెట్టుకుని సుమిరా కూడా కూర్చుంది. అసూయతో పళ్లు నూరడం ఎప్పుడో మరిచిపోయింది.

నెల తర్వాత సుమిరా అడవి బొమ్మ వేసి ఆరేసిన బట్ట ముందు జనం గొంతులు తగ్గించి నిలబడ్డారు. వార్సినీ వచ్చి చూసింది.

"చెట్ల మధ్య ఈ వీపు నాదే కదూ? అయితే ఆ రోజు వెనకాల తుమ్మింది నువ్వేనా అక్కా?"

"నేనే. అడవికి అడ్డంగా కూర్చుంటివి. నిన్ను వదిలేసి ఎట్లా వేసేది?"