అద్దాలక్క చేతులు

ప్రయోగశాలలో అందరూ ఆమెను అద్దాలక్క అనేవారు. ఆమె కడిగిన గాజు ఎదురుగా ఉన్నా కనిపించదట. కొత్తగా చేరిన ఒకాయన గొట్టం లేదనుకుని నడిచి నుదురు బొప్పి కట్టించుకున్నాడు కూడా. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని రోజూ పొద్దున్నే గాజు కడగడం, గొట్టానికి నీళ్ళిచ్చే తొట్టె నింపడం. సబ్బు వాడదు. వేడినీళ్ళు, స్పిరిటు, తర్వాత మూడుసార్లు శుద్ధి చేసిన నీళ్ళు. గొట్టం లోపల ఒక్క చుక్క విడిగా నిలిచినా మళ్ళీ మొదటికొచ్చేది. నీరు పల్చటి పొరలా జారిపోతేనే గాజు శుభ్రమైనట్టు ఆమె లెక్క.

గది మధ్యలో మనిషెత్తు గాజు గొట్టం నిలబెట్టి ఉండేది, పైన కాస్త సన్నం, కింద కాస్త వెడల్పు. అందులో నీళ్ళు పైనుంచి కిందికి పారతాయి. అడుగున సూదిలోంచి ఒకే ఒక్క బుడగను వదులుతారు. బుడగ పైకి పోవాలని చూస్తుంది, నీళ్ళు కిందికి తోస్తాయి. రెండూ సరితూగిన చోట బుడగ కెమెరా ముందు కదలకుండా నిలబడిపోతుంది. అక్కడినుంచి ఓపిక పని. నీళ్ళల్లో కంటికి కనపడని జిడ్డు ఏ కాస్త ఉన్నా అది వచ్చి బుడగకు పట్టుకుంటుంది. పట్టిన కొద్దీ బుడగ పైపొర బిరుసెక్కుతుంది, పైకి లేచే చురుకు తగ్గుతుంది, మెల్లగా కిందికి దిగుతుంది. గొట్టం మీది నల్లగీతను ఎన్ని నిమిషాల్లో చేరిందో పుస్తకంలో రాసుకోవాలి.

ఆ ఏడు ఆ గొట్టం ముందు కూర్చున్నది డాక్టరేటు చేస్తున్న ఒక అమ్మాయి. నీళ్ళు నిలకడగా పారినప్పుడు, నాడిలా కొట్టుకుంటూ పారినప్పుడు బుడగలో తేడా ఏమిటన్నది ఆమె ప్రశ్న. రక్తం గొట్టాల్లో తిరిగే ఆసుపత్రి యంత్రాలకు ఆ జవాబు పనికొస్తుంది. సోమ, బుధ, శుక్రవారాలు నిలకడ ప్రవాహం. మంగళ, గురు, శనివారాలు కొట్టుకునే ప్రవాహం. మూడు నెలల్లో తేలింది ఇదీ: నిలకడ రోజుల్లో బుడగ నలభై నిమిషాలు నిలుస్తుంది, మిగతా రోజుల్లో పన్నెండు నిమిషాలకే దిగిపోతుంది. ప్రొఫెసరు సంతోషించాడు. వ్యాసం వచ్చే సోమవారం పత్రికకు పంపాలని నిర్ణయమైంది.

అద్దాలక్క ఇంట్లో ఆ చలికాలం అత్తగారి మోకాళ్ళు పట్టేశాయి. తెల్లవారుతూనే నొప్పుల నూనెతో అరగంట మర్దనా చెయ్యాలి. తోటికోడలికి సోమ, బుధ, శుక్రవారాలు, తనకు మంగళ, గురు, శనివారాలు. ఆదివారం ఎవరికి తీరితే వాళ్ళు.

వ్యాసం పంపే ముందువారం తోటికోడలు పుట్టింటికి వెళ్ళింది, తల్లి జారిపడిందని. మర్దనా మొత్తం అద్దాలక్క మీద పడింది. ఆ సోమవారం నిలకడ ప్రవాహంలోనే బుడగ పదకొండు నిమిషాల్లో దిగిపోయింది. బుధవారమూ అంతే. మెకానిక్ పంపు విప్పి చూసి, దీనికంటే నా ఆరోగ్యమే పాడైందన్నాడు. ఆ రెండు రోజులూ చెడిన రోజులని కొట్టేస్తానంది అమ్మాయి.

అద్దాలక్క నేల తుడుస్తూ బోర్డు మీది అంకెలు చూసింది. ఏ రోజు ఎవరి వంతో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. చేతులు ప్రతిరోజూ నాలుగుసార్లు కడుక్కునే వచ్చేది. గోళ్ళ మూలలు మాత్రం జిడ్డుగానే ఉన్నాయి.

ఊరుకుంటే ఎవరూ అడగరు. చెడిన రోజులు కొట్టేస్తారు, తోటికోడలు తిరిగొస్తుంది, అంకెలు మళ్ళీ వరసలో పడతాయి. చెబితే పోయేది ఇరవై రెండేళ్ళ పేరు. ఆమెకున్న ఆస్తి అదొక్కటే.

ముందు తనకు రూఢి కావాలనుకుంది. గురు, శుక్రవారాలు నడుం నొప్పని చెప్పి మొగుడిచేత మర్దనా చేయించింది. గురువారం నీళ్ళు కొట్టుకుంటూ పారాయి, అయినా బుడగ ముప్పై ఆరు నిమిషాలు నిలిచింది. శుక్రవారం నలభై. ఆ సాయంత్రమే అమ్మాయి దగ్గరికి వెళ్ళింది.

"పంపు తప్పేం లేదమ్మా. తప్పు నా చేతులది."

అమ్మాయి నవ్వింది. "మీ చేతులే మురికైతే ఇక మావి ఏమనాలక్కా?"

అద్దాలక్క ఇంటినుంచి తెచ్చిన సీసా తీసింది. ఒక వేలికి నొప్పుల నూనె రాసుకుంది, మూడుసార్లు కడుక్కుంది, ఆ వేలిని గ్లాసుడు శుద్ధమైన నీళ్ళల్లో ముంచి, ఆ నీళ్ళు తొట్టెలో పోసింది. ఇద్దరూ గొట్టం ముందు నిలబడ్డారు. బుడగ తొమ్మిది నిమిషాల్లో గీత దాటింది.

"మూడు నెలలక్కా," అంది అమ్మాయి, కుర్చీలో కూలబడి.

"అవునమ్మా."

అమ్మాయి అడిగింది, సోమవారం దాటాక తెలిసి ఉంటే ఏం చేసేవారని.

"పంపేశాక చెప్పే ధైర్యం నాకుండేది కాదు. అందుకే ఇవాళ వచ్చా."

మర్నాడు ప్రొఫెసరు అందరి ముందూ గట్టిగానే అన్నాడు. పాత ఏళ్ళ అంకెల సంగతేమిటని నిలదీశాడు. మోకాళ్ళ నొప్పులు ఈ చలికాలమే వచ్చాయని ఆమె మెల్లగా చెప్పింది. పక్కనుంచి మెకానిక్, గొప్పింటి గుట్టు గోటి కింద ఉందన్నాడు. ఆమె తల దించుకోలేదు. తొట్టె ఖాళీ చేసి మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

ఇంట్లో, పని రోజుల్లో ఇక నూనె ముట్టనని చెప్పేసింది. అత్తగారు మూతి ముడిచింది. "నీటిబుడగ పాటి చెయ్యవన్నమాట నా మోకాళ్ళు."

"మీ కొడుక్కి రెండు చేతులున్నాయిగా అత్తయ్యా," అంది ఆమె. ఆ వంతు అప్పటినుంచీ అతనిదే అయింది.

కొలతలన్నీ మళ్ళీ తీశారు, మరో మూడు నెలలు. ప్రవాహంతో తేడా వస్తుంది గాని, నాలుగు నిమిషాలే. మొదట అనుకున్న వ్యాసం మూలపడింది. ఎంత తక్కువ జిడ్డు బుడగను దించగలదన్నది రెండో వ్యాసమైంది. నీళ్ళు నింపేవారి చేతుల గురించి అందులో ఒక పేరా ఉంది. అమ్మాయికి డాక్టరేటు ఏడాది ఆలస్యంగా వచ్చింది. ఆలస్యానికి కారణం ఎవరడిగినా దాచకుండా చెప్పేది, చెబుతున్నంతసేపూ అద్దాలక్కను "మా గురువు" అనేది.

ఇప్పుడు గొట్టం గదిలోకి ఎవరు వచ్చినా గుమ్మం దగ్గర ఆగాలి. మొన్న ప్రొఫెసరు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. అద్దాలక్క వంగి వాసన చూసింది.

"తలనూనె సార్," అంది.

ఆయన వెనక్కి తిరిగి కుళాయి వైపు నడిచాడు.