ఆదివారం డాక్టరమ్మ

"...సూది నేనే ఏస్త గదనే అక్కా, పొల్ల ఊకె కుర్చీల కూసుంటె సాలు. మంది వస్తరు."

"ఊకె కూసుండెతందుకేనా గన్నేండ్లు హైదరాబాద్ల చదివిచ్చింది? కూసుంటె డాక్టర్ లెక్కనే కూసుంటది. లేకుంటె నీ కుర్చీ నువ్వే పెట్టుకో."

"డాక్టర్ కాదు గద మరి."

"నువ్వైనవా?"

పెరట్లో తల తుడుచుకుంటున్న దీపకు తల్లి గంగామణి గొంతు, మేనమామ లింగం నవ్వు గోడ దాటి వినిపించాయి. పెర్కిట్‌లోని ఆ ఇంట్లో ఆదివారం పొద్దున ఈ మాటలు కొత్త కాదు. ఒకప్పుడు కాంపౌండర్‌గా పనిచేసిన లింగం చాలా ఏళ్లుగా నందిపేట్‌లో ఒక షటర్ గది పెట్టుకుని ఊరివాళ్లకు మందులిస్తున్నాడు. ఇప్పుడు చూపు మందగించింది. దీప చదువు అయిపోగానే, ఉగాదికల్లా ఆ గది ఆమెకు అప్పగించాలని అతని ఆశ, గంగామణి ఆశ కూడా. ఎలా కూర్చోవాలన్న దగ్గరే ఇద్దరికీ తేడా. దీపను అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఆమె చదివింది ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు. మొదట్లో దాని గురించి వాడకట్టువాళ్లకు ఓపికగా చెప్పేది. రోగిని అడిగి, పరీక్ష చేసి, తేలినదంతా డాక్టర్‌కు చెప్పడం తన పని, మందు రాసేది డాక్టరే అని.

"అంటె నర్సా?" అనేది పక్కింటి రామవ్వ.

"కాదు పెద్దమ్మా."

"కాంపౌండరా?"

"కాదు."

"మరింకేందే? గీ మాత్రం దానికి మీ అమ్మ డాక్టర్ డాక్టర్ అని ఊరంత తిరుగుతున్నది."

ఇప్పుడు చెప్పడం మానేసింది. ఆర్మూర్‌లోని ఒక ప్రైవేటు దవాఖానలో ఇంటర్న్‌షిప్ చివరికొచ్చింది. అక్కడ డాక్టర్ నసీమ్ కింద పని. మొదటి నెలల్లో రోగి గురించి చెప్పబోతే దీప రాసుకున్న కాగితం చూసి చదివేది. అంతా విన్నాక నసీమ్ ఒకటే అడిగేది: "సరే. నువ్వేమనుకుంటున్నవ్?" దీప నేల చూపులు చూసేది. తర్వాత తర్వాత జవాబులు వచ్చాయి. సగం తప్పయ్యేవి. ఊపిరితిత్తుల్లో గరగర ఏ పక్క వినిపిస్తుందో పట్టుకోగలిగింది. చివరికి అన్నింటికన్నా కష్టమైనది నేర్చుకుంది, "తెలియదు మేడం" అని తల దించుకోకుండా చెప్పడం.

నసీమ్‌కు ఒక అలవాటు ఉంది. పసుపు ఉడకబెట్టి ఆరబోసే ఈ నెలల్లో ఎవరొచ్చినా ముందు కిటికీ దగ్గర నిలబెట్టి కళ్లు చూస్తుంది. చేతులు, గోళ్లు, మెడ అందరికీ పచ్చగానే ఉంటాయి. ట్యూబ్‌లైట్ కింద కంటి తెల్లగుడ్డులో పచ్చదనం తెలియదు.

లింగం గదికి కిటికీ లేదు.

ఆ ఆదివారం కూడా దీప మామ బండి వెనక కూర్చుని నందిపేట్ వెళ్లింది. వెళ్లొద్దనుకుంటూనే బయలుదేరేది. అక్కడ ముసలివాళ్లు సైతం లేచి నిలబడి "నమస్తే డాక్టరమ్మా" అంటారు. ఆ మాటకు లోపల ఏదో నిటారుగా లేచేది, వెంటనే చిరాకేసేది. ఆర్మూర్‌లో ఆమె చెప్పిన ప్రతిదాన్నీ ఒకరు మళ్లీ చూస్తారు. ఇక్కడ చూసేవాళ్లు లేరు. మొదట్లో ఆ తేడా ఆమెకు హాయిగా ఉండేది.

పసుపు పాలిష్ పట్టే మిషన్ దగ్గర కూలికి పోయే వెంకవ్వ, కొడుకు మహేష్ భుజం పట్టుకుని వచ్చింది. జ్వరం, వాంతి, అన్నం చూస్తే రోత.

"ఒక సూది, ఒక గులుకోసు సీసా పెట్టు బిడ్డా. రేపు పనికి పోవాలె."

దీప ఆమె కింది రెప్ప లాగి చూసింది. పచ్చగా అనిపించింది. వెంకవ్వ చేతులూ పచ్చగానే ఉన్నాయి, కొంగూ పచ్చగానే ఉంది. ఆ చేతులతోనే కళ్లు నులుముకుంటోంది.

"మామా, జర బయటికి తీస్కపోయి ఎండల చూస్త."

"ఏం చూస్తవ్? సీజన్ల నన్ను చూసినా గట్లనే ఉంట," అన్నాడు లింగం. అప్పటికే సూదిలో మందు ఎక్కించాడు. బెంచీ మీది జనం నవ్వారు. ఎవరో "పసుపుల పని చేసి ఎర్రగుంటదా డాక్టరమ్మా" అన్నారు. దీప కూడా నవ్వింది. మూత్రం ఏ రంగులో వస్తోందో అడగాలనుకుంది. ఇంతమంది మగవాళ్ల ముందు అడగలేక, తర్వాతి మనిషిని పిలిచింది. వెంకవ్వ సూది వేయించుకుని, జ్వరం గోలీలు కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

సోమవారం ఆర్మూర్ దవాఖానలో దీప బీపీ పట్టీ రెండుసార్లు తిప్పి కట్టింది. ఒకరి పేరుతో ఇంకొకరిని పిలిచింది. "పానం బాలేదా?" అని నసీమ్ అడిగితే "మంచిగనే ఉన్న మేడం" అంది. అప్పుడు చెప్పి ఉండొచ్చు. మహేష్ నంబర్ మామ దగ్గర ఉంది, ఫోన్ చేసి ఉండొచ్చు. రెండూ చేయలేదు.

మంగళవారం మహేష్ తల్లిని ఆటోలో ఆర్మూర్ తెచ్చాడు. వెంకవ్వ మాట మత్తుగా వస్తోంది. నసీమ్ ఆమెను కిటికీ దగ్గరికి నడిపించి రెప్ప లాగింది. దీపకు దూరం నుంచే కనిపించింది.

"అవ్వా, కామెర్లు ఉన్నయి. ముందుగాల ఎక్కడన్న చూపిచ్చుకున్నవా?"

"చూపిచ్చుకున్న గదమ్మా. గీ డాక్టరమ్మనే చూసింది," అంది వెంకవ్వ, దీపను చూపిస్తూ. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. తెలిసిన మనిషి కనిపించిన ధైర్యం ఉంది.

నసీమ్ ఆమెను రక్తపరీక్షకు పంపింది. జ్వరం గోలీలు రోజుకెన్ని వేశారో మహేష్‌ను అడిగింది. "తగ్గకపోతె గంటగంటకు ఏసిన మేడం" అన్నాడతను. కాలేయం బాగా దెబ్బతిందని తేలాక నిజామాబాద్ పెద్ద దవాఖానకు పంపించింది. ఆంబులెన్స్ వెళ్లిపోయాక దీప వైపు తిరిగింది.

"కళ్లు చూసినవా?"

"చూసిన మేడం. పచ్చగనే అనిపిచ్చింది."

"ఎవరికి చెప్పినవ్?"

"ఆడ ఎవరు లేరు మేడం."

"నిన్న నేనున్న గద."

నసీమ్ చేతులు కడుక్కుని తర్వాతి రోగిని రమ్మంది. దీపను ఆగమనలేదు, వెళ్లమనలేదు. కాసేపటికి దీప ఆ రోగిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.

వారం చివరికి వెంకవ్వ జావ తాగుతోందని మహేష్ ఫోన్ చేశాడు. ఆ తర్వాతి ఆదివారం లింగం బండి ఇంటి ముందు ఆగింది.

"ఏందే బిడ్డా, ఇంక తయారు కాలె? గా ముచ్చట పట్టుకొని ఎన్ని దినాలు కూసుంటవ్? ఇన్నేండ్లల్ల నేను తప్పినయి చెప్తె నువ్వు గీ చదువే చదవకపోదువు."

"గదేం గొప్పనా?" అంది గంగామణి చాయ్ అందిస్తూ.

"గొప్పని చెప్తలేనక్కా. పొద్దుగాల నుంచి బెంచీ నిండ మంది ఉన్నరు. నాకు కండ్లు కనిపిస్తలేవు. రేపు నేను లేకుంటె గాళ్లు ఎవరి తాన పోతరు? చెప్పు బిడ్డా."

ఆ జవాబు దీపకు వారమంతా వెతికినా దొరకలేదు. నందిపేట్‌లో నిజంగానే దగ్గరలో ఇంకెవరూ లేరు. మామ గ్లాసు కింద పెట్టి తాళంచెవి వేలికి తగిలించుకున్నాడు. తల్లి కూతురి ముఖం వైపు చూసింది.

"మామా, నేను రాను. ఇయ్యాల్నే కాదు, ఉగాదికి కూడ రాను. ఇంటర్న్‌షిప్ అయినంక మేడం కాడనే పనికి ఉంటనని నిన్న చెప్పచ్చిన."