అచ్చిరాని వికీ

ఇన్నేళ్లుగా ఒక బరువు మోశాను. బరువు అంటే మీకు పెద్ద మాటగా అనిపించవచ్చు, ఎందుకంటే నేను చేసిన పని చూడ్డానికి చాలా చిన్నది. ఒక ప్లగ్గు తీసి పక్క బోర్డులో పెట్టాను. అంతే. దొంగతనం కాదు, కొట్లాట కాదు, పోలీసులు వచ్చే వ్యవహారం అసలే కాదు. కానీ ఆ ప్లగ్గు వల్ల ఒక మనిషి తన చేతిని తనే నమ్మడం మానేశాడు. పోయిన వారం దాకా ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలిసింది. అందుకే ఇవాళ కాళ్లు చాపుకుని కూర్చుని మీకు చెప్పగలుగుతున్నాను.

నా పేరు చెప్పను. అతని పేరు మార్చి రాంబాబు అంటాను. తిరువూరులో ఎవరైనా ఇది చదివితే మమ్మల్ని పోల్చుకుంటారేమో. పోల్చుకుంటే పోల్చుకోనివ్వండి, ఇక దాచేదేమీ లేదు.

మాది పత్తి మిల్లు. దానికి తోడు మామిడి గుజ్జు తీసే యూనిట్ ఒకటి, గంపలగూడెంలోనూ ఎ.కొండూరులోనూ ఎరువుల డిపోలు ఉన్నాయి. యజమాని గారిని మేమందరం పెద్దాయన అంటాం. ఆయన కొడుకు చిన్న సార్. నేను ఆఫీసులో అందరికన్నా పాతవాణ్ని. బిల్లింగ్ మెషీన్ మొరాయించినా నన్నే అడగాలి, తేమ ఎక్కువున్న పత్తి వస్తే ఏం చేయాలో నన్నే అడగాలి, డిపోలో స్టాకు ఎలా ఎక్కించాలో కూడా నన్నే అడగాలి. భోజనానికి కూర్చుంటే ఫోన్. స్నానానికి వెళ్తే ఫోన్. మా ఆవిడ విసుక్కునేది. నేనూ పైకి విసుక్కునేవాణ్నే. లోపల మాత్రం ఎంత సంతోషంగా ఉండేదో మీకు చెప్పలేను. నేను లేకపోతే ఈ మిల్లు నడవదు అనుకోవడంలో ఒక మత్తు ఉంది.

ఆ మత్తు మీద నీళ్లు చల్లింది చిన్న సార్. కంపెనీకి ఒక వికీ పెడదామన్నాడు. వికీ అంటే మరేం లేదు, ఎవరికి తెలిసిన పని వాళ్లు కంప్యూటర్‌లో ఒకచోట రాసిపెడితే మిగతావాళ్లు చదువుకుని చేసుకోవడం. మంచి సాఫ్ట్‌వేర్ ఏదో మీరిద్దరూ చూసి చెప్పండి అని నాకూ రాంబాబుకీ అప్పగించాడు.

రాంబాబుది పెనుగొలను. వ్యవసాయం ఇంటి నుంచి వచ్చి, కంప్యూటర్లు నేర్చుకుని, మా ఆఫీసులో చేరాడు. నన్ను అన్నా అని పిలిచేవాడు, నిజంగా అన్నలాగే చూసేవాడు. అతను ఎంచుకున్న వికీ ఉచితంగా దొరికేది. మా ఆఫీసులోని ఒక పాత కంప్యూటర్‌లోనే పెట్టుకోవచ్చు. డిపోలో కుర్రవాళ్ల దగ్గర్నుంచి ఎవరైనా అందులో రాయవచ్చు, తప్పుంటే ఎవరైనా దిద్దవచ్చు. నేను ఎంచుకున్నది ఇంటర్నెట్‌లో ఉండేది, చూడ్డానికి బాగుండేది. అందులో ఏ పేజీ మార్చాలన్నా ఒక ఇన్‌చార్జి ఒప్పుకోవాలి. ఆ ఇన్‌చార్జి ఎవరో మీరు ఊహించే ఉంటారు.

నాది ఎందుకు మేలో చిన్న సార్‌కి చాలా కారణాలు చెప్పాను. భద్రత అన్నాను, క్రమశిక్షణ అన్నాను, ఎవరు పడితే వాళ్లు రాస్తే గందరగోళం అవుతుందన్నాను. అన్నీ అబద్ధాలని అనను. కొన్ని నిజమే. కానీ నేను చెప్పని కారణం ఒక్కటే అసలు కారణం. నన్ను అడగకుండా ఈ మిల్లులో పని జరిగే రోజు రాకూడదు. అప్పుడు ఆ మాట నాకు నేనైనా చెప్పుకున్నానా? లేదు. కంపెనీ మంచి కోసమే ఇదంతా అనుకున్నాను. మనిషి తనను తాను ఎంత చక్కగా మోసం చేసుకోగలడో ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

చిన్న సార్ రాంబాబు వైపే మొగ్గాడు. ముందు అతనిది మొదలుపెట్టి చూద్దాం, బాగుంటే అదే ఉంచుదాం అన్నాడు. ఇక పెద్దాయన సంగతి. మా దగ్గర ఏ కొత్త వస్తువు వచ్చినా ముహూర్తం చూసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాకే వాడతారు. అది లారీ అయినా, కాటా అయినా, కంటికి కనపడని సాఫ్ట్‌వేర్ అయినా ఒకటే. మొదటి రోజు ఆటంకం వస్తే ఆ వస్తువు ఆయనకి అచ్చిరానట్టే. ఒకసారి కొత్త మోటారు పూజ రోజున కాలిపోతే, బాగు చేయించి కూడా వాడకుండా అమ్మేశారు. ఇంకో సంగతి. మిల్లులో ఏది మొదలుపెట్టినా రాంబాబు చేతే మొదలుపెట్టించేవారు. కొత్త కాటా అతని చేతే ఆన్ చేయించారు. సీజన్‌లో మొదటి బండి పత్తి అతని చేతే దింపించేవారు. వాడిది మంచి చెయ్యి అనేవారు.

రాంబాబు వికీకి ముహూర్తం పెట్టిన రోజు ఉదయం నేను అందరికన్నా ముందుగా ఆఫీసుకి వెళ్లాను. పూజ సామాన్లు సర్దాలి కదా, ఆ పని నేనే అడిగి తీసుకున్నాను. రాంబాబు వికీ పెట్టిన కంప్యూటర్ ప్లగ్గు యూపీఎస్ బోర్డులో ఉంది. పక్కనే మామూలు కరెంటు బోర్డు. మిల్లులో మోటార్లన్నీ లేచేటప్పుడు ఆఫీసులో కరెంటు రెప్పపాటు పడిపోతుంది. లైట్లు ఒకసారి కొట్టుకుని మళ్లీ వెలుగుతాయి. కంప్యూటర్లు యూపీఎస్ మీద ఉంటాయి గనక ఎవరూ పట్టించుకోరు. ముహూర్తం సరిగ్గా మోటార్లు వేసే వేళకే పడింది. నేను వంగి ఆ ప్లగ్గు తీశాను. పక్క బోర్డులో పెట్టాను.

ఎందుకు పెట్టావు అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. పెట్టేటప్పుడు ఒక్క క్షణమైనా ఆగానా? లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అగరొత్తులు వెలిగించినంత మామూలుగా ఆ పని చేశాను.

అందరూ వచ్చారు. కంప్యూటర్‌కి పసుపు, కుంకుమ పెట్టారు. పెద్దాయన కొబ్బరికాయ కొట్టారు, రెండు చెక్కలూ సమంగా పగిలాయని ఆయన ముఖం వికసించింది. రాంబాబు కొత్త చొక్కా వేసుకొచ్చాడు. కూర్చుని మొదటి పేజీ మీద శ్రీరామ అని కొట్టాడు. సేవ్ నొక్కబోతుండగా మిల్లులో మోటార్లు లేచాయి. తెర నల్లగా అయిపోయింది.

కర్పూరం ఇంకా వెలుగుతూనే ఉంది. రాంబాబు గబగబా మళ్లీ ఆన్ చేశాడు, పాత కంప్యూటర్ కదా, అది లేవడానికి చాలాసేపు పట్టింది. లేచాక వికీ తెరుచుకోలేదు. పెద్దాయన ఇది మనకి అచ్చిరాదు అని ఒక్క మాట అని ప్రసాదం కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు. చిన్న సార్‌కి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు, కానీ తండ్రి మాటకి ఎదురు వెళ్లేంత పెద్ద విషయం కూడా కాదనుకున్నాడు. అందరూ కాఫీలకి లేచినప్పుడు నేను ప్లగ్గు తీసి మళ్లీ యథాస్థానంలో పెట్టేశాను.

తర్వాత చేసింది ఇంకా అన్యాయం. ఎందుకు ఆగిందో తేల్చాలని రాంబాబు తల బద్దలు కొట్టుకున్నాడు. యూపీఎస్ పరీక్ష చేయిద్దామన్నాడు. నేనే దగ్గరుండి చేయించాను. అది శుభ్రంగా ఉంది. వికీ మళ్లీ ఎక్కించి చూస్తే అదీ శుభ్రంగా ఉంది. ఏ తప్పూ దొరక్కపోతే మనిషి ఏమనుకుంటాడు? తన మీదే అనుమానం పెట్టుకుంటాడు. పోనీలేరా, ఒక్కోసారి అంతే అని నేను భుజం తట్టాను.

మంచి రోజు చూసి నా సాఫ్ట్‌వేర్ నా చేత మొదలుపెట్టించారు. అది నిక్షేపంగా పనిచేసింది, ఎందుకు చేయదు. అప్పటి నుంచి మిల్లులో నాది మంచి చెయ్యి అయింది. సీజన్ వస్తే మొదటి బండికి నన్ను పిలిచేవారు. రాంబాబు పక్కన నిలబడి చప్పట్లు కొట్టేవాడు. మొదట్లో దాని మీద జోకులేసేవాడు కూడా. తర్వాత జోకులు మానేశాడు. పెనుగొలనులో వాళ్ల చేలో విత్తనాలు వేసే రోజున కూడా మొదటి గింజ వాళ్ల తమ్ముడి చేత వేయిస్తున్నాడని ఎవరో చెప్పగా విన్నాను. విని ఊరుకున్నాను. నా వికీ సంగతి అంటారా, దాన్ని ఎవరూ తెరిచేవారు కాదు. రాసిన పేజీ నేను ఒప్పుకునే దాకా కనపడకపోతే ఎవరు రాస్తారు చెప్పండి. అందరూ ఎప్పటిలా నాకే ఫోన్ చేసేవారు. నేను కోరుకున్నది అక్షరాలా జరిగింది.

ఒకరోజు మధ్యాహ్నం రాంబాబు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఆదివారం మా పాపకి అక్షరాభ్యాసం. నువ్వు ఒళ్లో కూర్చోబెట్టుకుని దిద్దించాలి."

"నువ్వుండగా నేనేంటిరా? తండ్రి కదా దిద్దించాల్సింది."

"నా చేత్తో మొదలుపెట్టింది ఏది నిలబడింది అన్నా? చదువు విషయం కదా. నాకు భయంగా ఉంది."

అప్పుడైనా చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ చెబితే నన్ను అన్నలా చూసే ఆ చూపు పోతుందనిపించింది. సరే వస్తాలే అన్నాను. ఆదివారం వెళ్లాను. పంతులుగారు తండ్రి ఏడీ అని అడిగితే, రాంబాబు గుమ్మం దగ్గర నిలబడి మా అన్నయ్యే దిద్దిస్తాడండి అన్నాడు. వాళ్లావిడ ముఖంలో ఇష్టం లేదు. పాప నా ఒళ్లో కూర్చుంది. పళ్లెంలో పరిచిన బియ్యంలో దాని వేలు పట్టుకుని రాయించాను. ఆ వేలు ఎంత మెత్తగా ఉందో నాకు ఇప్పటికీ తెలుస్తుంది. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. ఆ రోజు నుంచే ఇది బరువయింది. అంతకు ముందు వట్టి రహస్యమే.

ఈ మధ్య చిన్న సార్ మళ్లీ వికీ మాటెత్తాడు. పాతదాన్ని తీసేసి, అప్పట్లో రాంబాబు చూపించినదే పెడదామన్నాడు. పెద్దాయన ఆఫీసుకి రావడం తగ్గించారు, అందుకని అడ్డు లేదు. రాంబాబు పనంతా చేశాడు. డిపోలన్నీ తిరిగి అందరికీ నేర్పాడు. అంతా సిద్ధమయ్యాక ప్రారంభం రోజున తనకి సెలవు కావాలని అడిగాడు. ఎందుకని చిన్న సార్ అడిగితే, నేను లేకపోతేనే మంచిది సార్ అన్నాడట. నవ్వుతూ అన్నాడని చిన్న సార్ నాకు చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రమే మిల్లు ఎదురుగా టీ కొట్టు దగ్గర అతన్ని పట్టుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక వాన గురించి, పత్తి గురించి ఏదేదో మాట్లాడాను. తర్వాత ప్లగ్గు సంగతి చెప్పాను. ఎందుకు చేశానో కూడా చెప్పాను. క్షమించమని అడగలేదు, అడిగే హక్కు లేదనిపించింది. అతను టీ గ్లాసు కింద పెట్టాడు.

"పాప చేత దిద్దించేటప్పుడు కూడా నీకు తెలుసు," అన్నాడు.

"తెలుసు."

తిట్టలేదు. బండి తీసుకుని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండునా? కాసేపు అలాగే అనుకున్నాను. కానీ మీకు నిజం చెప్పాలంటే, ఆ తెలుసు అన్న మాట నా నోటి నుంచి బయటపడగానే ఒళ్లంతా తేలికైపోయింది. సిగ్గుగా ఉంది, భయంగా ఉంది, అయినా హాయిగా ఉంది. అతనికి నొప్పి కలిగించి నేను హాయి పడటం న్యాయమేనా? కాదేమో. అయినా ఆ రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

మర్నాడు చిన్న సార్‌కి చెప్పాను. ఆయన నన్ను వింతగా చూసి, నాన్నగారితో మాట్లాడాలి, తర్వాత చూద్దాం అన్నాడు. నా ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలియదు.

ప్రారంభం రోజున రాంబాబు సెలవు పెట్టలేదు. ఎవరు మొదలుపెడతారు అని చిన్న సార్ అడిగేలోపే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు, అన్నా అని పిలవడం లేదు, ఇక పిలుస్తాడని కూడా నేను అనుకోవడం లేదు. ఆ రోజు వికీ ఎక్కడా ఆగలేదు. ఎ.కొండూరు డిపోలో కుర్రవాడు యూరియా స్టాకు గురించి ఏదో తప్పు రాస్తే, గంపలగూడెం నుంచి ఇంకొకడు దాన్ని దిద్దాడు. నేను వెనకాల గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. సాయంత్రం దాకా నా ఫోన్ మోగలేదు. ఇంటికెళ్లి భోజనానికి కూర్చుంటే మా ఆవిడ ఇవాళ ఎవరూ చేయలేదేంటి అని అడిగింది. ఇక చేయరులే, వడ్డించు అన్నాను.