మామ కారుకు పట్టిన వణుకు

మొన్న కంటి వైద్యుడికి చూపించడానికి మా చిన్నకూతురు నన్ను తన కారులో కడపకు తీసుకుపోతుంటే, రైలు గేటు ముందర బ్రేకు తొక్కగానే కారు ముందుభాగం గడగడా వణికింది. అమ్మాయి దాన్ని పెద్దగా పట్టించుకోలేదు గానీ, నా అరికాళ్లు మాత్రం ఆ వణుకును ఇట్టే గుర్తుపట్టాయి. మిగిలిన దారంతా అమ్మాయి ఏం మాట్లాడిందో నాకు తెలియదు. మనసులో నేను మా పెద్దమామను పక్కన కూర్చోబెట్టుకుని ఆయన పాత కారు తోలుతున్నాను.

మా అమ్మకు ఇద్దరు అన్నదమ్ములు. పెద్దమామ కడపలో వేరుశనగ వ్యాపారం చేసేవాడు, చిన్నమామ కనుమ దాటిన తర్వాత రాయచోటి దిక్కున ఉన్న సొంత ఊళ్లో సేద్యం చూసుకునేవాడు. రెండో యుద్ధం ఇంకా రాని రోజులవి. ఇంగ్లండుకు తిరిగిపోతున్న ఒక దొర దగ్గర పెద్దమామ పాత కారు కొన్నాడు. మద్రాసులో మోటారు పని నేర్చుకుని వచ్చి ఖాళీగా ఉన్న నన్ను పిలిచి దానికి డ్రైవరుగా కూర్చోబెట్టాడు. అలా నా మొదటి ఉద్యోగం మా మేనమామ దగ్గరే దొరికింది.

పెద్దమామ మంచివాడు, కానీ పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. అన్నం ముద్ద నోట పెట్టుకునే ముందు కూడా ఒకసారి వాసన చూసేవాడు. కారు టైర్లనైతే బొత్తిగా నమ్మేవాడు కాదు. ఎండకు అవి పగిలిపోతాయన్న భయంతో, ఊరి నుంచి తిరిగి వచ్చేటప్పుడు కనుమ దిగగానే ఎదురయ్యే, వేసవిలోనూ ఎండని వంకలో, ఆ వాగు నీళ్లు చక్రాల నడుముల దాకా వచ్చేటట్టు కారును కాసేపు నిలబెట్టించేవాడు. ఆ నీళ్లకు టైర్లు చల్లబడి, దుమ్ము కూడా కొట్టుకుపోతుందని ఆయన లెక్క. అప్పటికి నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు.

కొన్ని నెలలకు వణుకు మొదలైంది. మామూలుగా పోయేటప్పుడు కారు నిమ్మళంగా పోతుంది, బ్రేకు తొక్కితే మాత్రం చేతిలో స్టీరింగు చక్రం అటూ ఇటూ కొట్టుకుంటుంది. ముందు చక్రాలు మార్చి బిగించాను, కుదుపులు ఆపే కమానుకట్టల బోల్టులు చూశాను, చక్రాలను తిప్పే కడ్డీల కీళ్లలో వదులుందేమోనని కారు కింద దూరి వెతికాను. ఒక ముందు చక్రానికి నట్టు ఒకటి కొంచెం వదులుగా దొరికింది. దాన్ని బిగించినా వణుకు తగ్గలేదు, కానీ ఆ సంగతి మామకు చెప్పడంతో అసలు కథ మొదలైంది.

అన్నదమ్ములిద్దరికీ అప్పటికే ఊళ్లోని మోటబావి వాటా గురించి మాటలు తగ్గిపోయి ఉన్నాయి. ఊరికి పోయినప్పుడు కారును కొట్టంలో పెట్టేవాళ్లం. ఆ కొట్టంలోనే చిన్నమామ దగ్గర జీతానికున్న సేద్యగాడు ఎద్దులను కనిపెట్టుకుని పడుకునేవాడు. ఊరి బయటి పాలెంలో ఉండే క్రైస్తవుడతను, నెమ్మదైన మనిషి, ఆదివారం పూట తప్ప తెల్లచొక్కా తొడిగేవాడు కాదు. నట్టు వదులు చేసింది అతనేననీ, చేయమన్నది తమ్ముడేననీ పెద్దమామ మనసులో నాటుకుపోయింది.

నేను కాదని చెప్పబోతే ఆయన నా మాట సాగనివ్వలేదు. “నువ్వు బోల్టులు చూస్తాండావు, నేను మనుషుల్ని చూస్తాండా. ఎవురో కావాలనే చేస్తాండారు,” అన్నాడు.

కడపలో మోటార్లు బాగుచేసే ఒక సాయిబు మేస్త్రి ఉండేవాడు. ఆయన ముందు చక్రాన్ని నేల నుంచి పైకి లేపించి, నన్ను బ్రేకు మీద మెత్తగా కాలు పెట్టమని, తాను చేత్తో చక్రాన్ని తిప్పాడు. “చూడప్పా, ఈడ పట్టుకుంటాది, ఈడ వదిలేస్తాది. డ్రమ్ము గుండ్రం పోయినాది,” అన్నాడు. బ్రేకు పట్టే ఆ ఇనుప గిన్నె గుండ్రంగా లేకపోతే ఒక్కో చుట్టుకు ఒక్కోసారి పట్టుకుని వదలడం, అదే వణుకుగా పైకి రావడం నాకు అర్థమైంది. అది ఎందువల్ల వంకర పోయిందో మాత్రం ఆయనకూ తెలియలేదు. మద్రాసు నుంచి కొత్త డ్రమ్ములు తెప్పించి వేశాం. కారు చక్కగా నిలబడింది. ఊరికి రెండు మూడు సార్లు పోయి వచ్చామో లేదో, వణుకు మళ్లీ వచ్చింది.

దానితో పెద్దమామకు నిద్ర దూరమైంది. కొత్త సామాను ఊరికే చెడదు గనుక సుత్తితో కొట్టి ఉంటారన్నాడు. ఎద్దులనూ సేద్యగాణ్ణీ బయటికి పంపి, కొట్టానికి తలుపు పెట్టించి తాళం వేసి, తాళంచెవి మొలతాటికి కట్టుకున్నాడు. అయినా వణుకు పోకపోయేసరికి మారుతాళంచెవి చేయించారన్నాడు. చివరికి ఊరి దిక్కు ఠాణాలో తనకు తెలిసిన వాళ్లకు చెప్పి సేద్యగాణ్ణి పట్టించాడు. అతని భార్య పిల్లను చంకనేసుకుని వచ్చి ఊళ్లోని పెద్దమామ ఇంటి అరుగు కింద నిలబడితే, మామ ఇంట్లో నుంచి బయటికి రాలేదు. చిన్నమామ వీధిలో నిలబడి, “నన్ను పట్టియ్యి, నాకు భయం ల్యా. వాడేం చేసినాడని?” అని అడిగిపోయాడు.

అనుమానం అంటువ్యాధి లాంటిదని నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. నేను కూడా మేస్త్రి చేతుల వంక చూసేవాణ్ణి, చిన్నమామ నవ్వితే ఎందుకు నవ్వాడా అని ఆలోచించేవాణ్ణి, పెద్దమామ నన్ను చూసినప్పుడు ఆయన అనుమానం నా మీద కూడా పడిందా అనుకునేవాణ్ణి. అయితే ఒకటి మాత్రం గమనించాను. కనుమ లేని దారిలో ఉన్న వేంపల్లెకు ఎన్నిసార్లు పోయినా వణుకు పెరగలేదు, పెరిగినప్పుడల్లా మేము కనుమ దిగి వచ్చి ఉన్నాం. ఆ మాట మా అత్తతో, అంటే పెద్దమామ భార్యతో అన్నాను. ఆమె, “వంకలోకి దిగేటప్పుడు పెనం మీద నీళ్లు చల్లినట్ల చుయ్యిమంటాది గదా, అదేందిరా?” అని అడిగింది. ఆ చప్పుడు నేనూ ప్రతిసారీ విన్నాను, విని ఊరుకున్నాను.

మళ్లీ మామా అత్తా నేనూ ఊరి నుంచి తిరిగి వస్తున్నప్పుడు, కనుమ పొడుగునా బ్రేకు తొక్కుకుంటూ దిగి, వంకలోకి పోకుండా ఇవతలే కారు నిలిపాను. వేసవి మధ్యాహ్నం, చుట్టూ తుమ్మచెట్లు, నరమానవుడు లేడు. మామ ముఖం ఒక్కసారిగా మారిపోయింది. ఒక చేత్తో చేతికర్ర పట్టుకుని పొదల వంక, ఆ తర్వాత నా వంక చూశాడు.

“ఈడెందుకు నిలబెట్టినావు? ఎవురొస్తాండారు?” అన్నాడు.

చిన్నప్పుడు నన్ను భుజాల మీద మోసిన మనిషి నన్ను అలా చూశాడు.  దిగమన్నాను, చక్రం వెనకున్న డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూడమన్నాను. సెగకు ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అత్త తాగడానికి తెచ్చిన చెంబులోని నీళ్లు కొంచెం ఆ ఇనుము మీద పోశాను. చుయ్యిమని ఆవిరి లేచింది. ఇంత కాలిన ఇనుమును వంక నీళ్లలో ముంచితే వంకర పోకుండా ఎలా ఉంటుందని అడిగాను.

మామ ఆ ఆవిరి ఆరిపోయేదాకా నిలబడ్డాడు. “నీళ్లల్లో పెట్టమన్నది నేనే గదా,” అన్నాడు.

కారులో నుంచి అత్త మెల్లగా, “మరి వాడి సంగతేంది?” అంది.

మామ కారెక్కి వెనక్కి తిప్పమన్నాడు. దిగిన కనుమ మళ్లీ ఎక్కి ఠాణాకు పోయాం. సేద్యగాడు బయటికి వచ్చేటప్పుడు ఒక చెయ్యి వాచి ఉంది, తలగుడ్డ చుట్టుకోవడం చేతకాక భుజాన వేసుకున్నాడు. మామ తానే దిగి కారు తలుపు తీసి పట్టుకున్నాడు. అతను తలుపు వంక చూశాడు, మామ ముఖం వంక చూడలేదు. “నడిచిపోతా లేయ్యా,” అని దారి పట్టాడు. ఆ దారిలో అతను కనుమరుగయ్యేదాకా మామ తలుపు పట్టుకునే ఉన్నాడు.

ఆ సాయంత్రమే పెద్దమామ తమ్ముడి ఇంటికి నడిచి పోయాడు. చిన్నమామ చెంబుతో నీళ్లిచ్చాడు, కూర్చోమనలేదు. వాళ్లు మళ్లీ ఒక పంక్తిన భోజనం చేయడానికి చాలా ఏళ్లు పట్టింది, కానీ చేశారు. సేద్యగాడు మాత్రం ఆలుబిడ్డలతో పులివెందుల దిక్కు ముగ్గురాయి గనుల్లో పనికి పోయాడు. మామ నన్ను తీసుకుని ఒకసారి అక్కడికి పోయి, తిరిగి వచ్చెయ్యమని అతన్ని అడిగాడు. అతను మాకు మజ్జిగ ఇప్పించాడు, వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు, రాలేదు.

వాళ్లంతా ఇప్పుడు లేరు. మామల పిల్లలు తలా ఒక పట్నంలో ఉన్నారు, పండగకు ఫోను చేసుకుంటారు, పొలాలు అమ్ముకున్నారు కాబట్టి తగవులూ లేవు. ఒకరి మీద ఒకరికి అనుమానం కలగాలన్నా వాళ్ల మధ్య అంత రాకపోకలుండాలి కదా. తప్పు తెలిసిన మనిషి దిగి వచ్చి తలుపు తీసి నిలబడడం, అయినా ఇంకో మనిషి నడిచే పోతాననడం, ఈ రెండూ చూసిన కళ్లకు ఈనాటి మర్యాదలు ఎందుకో కొంచెం చప్పగా అనిపిస్తాయి. ఆ రోజులే మంచివని నేను అనలేను, ఆ వాచిన చెయ్యి నన్ను అననివ్వదు. అయినా ఆ మనుషుల కోసం బెంగగానే ఉంటుంది.