సాంచ నడిచిన నడక

షక్కర రోగం పైసలున్నోళ్ళ ఇండ్లకే వస్తదని అందరం నమ్మిన కాలమది. అందుకే మా అత్తకు షుగరున్నదని తేలినంక మా నేతగాళ్ళ వాడకట్టుల ఆమె ఇజ్జత్ జర పెరిగినట్టే అయింది. నేనప్పటికి కొత్త కోడల్ని, మూడో తరగతి దాక సదివినదాన్ని, దానికి తోడు పిసినారిదాన్ని (ఇప్పుడు పొదుపు అంటున్నరు, అప్పుడు గా మర్యాద లేకుండె). అత్తకు నడుసుడంటే గిట్టదు, సూది అంటే పానం పోతది. "నడుసుడు గొడ్లకు రాసిపెట్టింది పిల్లా, మనిషికి పీట ఉన్నది" అని పొద్దుగూకేదాక పీట మీదనే కూసునేది.

గప్పుడు పట్నం నుంచి ఒక పడుచు డాక్టర్ వచ్చిండు. నడిస్తే రక్తంల షక్కర ఎంత తగ్గుతదో చూసి పుస్తకంల అచ్చేయిస్తడట. ఒప్పుకున్నోళ్ళ నడుముకు అగ్గిపెట్టెంత డబ్బీ కట్టిండు. అడుగేస్తే అండ్ల అంకె మారుతది. "అవ్వా, మూడు నెలలు నడువు. తగ్గితే గోలీలతోనే ఎల్లదీద్దం, తగ్గకుంటే రోజూ సూదే" అన్నడు. ఆయన పోంగనే అత్త డబ్బీని తిప్పి చూసింది, ఊపి చూసింది. ఊపినా అంకె మారింది! అప్పుడు ఆమె మొకంల వచ్చిన వెలుగు నా పెండ్లినాడు కూడా చూడలే.

మా ఇంట్ల రెండు సాంచలు (పవర్‌లూమ్‌ను మా దిక్కు గట్లనే అంటం) టకటకా నడుస్తుండేవి. తెల్లారి చూస్తే డబ్బీ అత్త నడుముకు లేదు. సాంచ మీద ముందుకెనుకకు ఊగే చెక్కకు దారంతోని కట్టి ఉన్నది. పక్కన పీటేసుకొని అత్త చాయ్ తాగుతున్నది. "ఇదేంది అత్తా?" అంటే, "నోరు ముయ్యే. సాంచ ఎట్లైనా నడుస్తనే ఉన్నది గద, దాని కష్టం ఉత్తగ ఎందుకు పోవాలె?" అన్నది. ఉత్తగ పోవద్దన్న మాట నాకు మస్తు నచ్చింది. నోరు మూసుకున్న.

వారానికోసారి డాక్టర్ వచ్చి అంకె చూసి నోరెళ్ళబెట్టేటోడు. "అవ్వా, నడుచుకుంట బాసర పోయొచ్చినవా?" "ఇంటి పని సారూ, తిరుగుడే తిరుగుడు." ఒక వారం కరెంటు కోతలు ఎక్కువైనయి. "గీసారి గింత తగ్గిందేంది?" అని అడిగితే, అత్త రెప్ప కొట్టకుండ, "కరెంటు లేకుంటే చీకట్ల ఎట్ల నడుస్త సారూ?" అన్నది (కోతలు పగటిపూటనే).

మూడు నెలలకు రక్తం తీసి చూస్తే షక్కర ఇంకింత పెరిగి ఉన్నది. డాక్టర్ మొకం గంజిల ముంచిన నూలు లెక్క అయింది. "అందరికి తగ్గింది, అందరికన్న ఎక్కువ నడిచిన నీకే పెరిగింది. గింత నడిచినా తగ్గలేదంటే నడక నీకు పనిచేస్తలేదవ్వా. ఇగ సూదే దిక్కు" అని సంచి తెరిచిండు. అత్త నా దిక్కు చూసింది. నేను దూలం దిక్కు చూసిన. సూది బయటికొచ్చింది.

"ఆగు సారూ! నడిచింది నేను గాదు, గా సాంచ! సూది దానికెయ్యి!"

డాక్టర్ లోపలికి పోయి, చెక్కకున్న దారం ముడి చూసి, అత్త పీట మీదనే కూలవడి కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్విండు. సూది మళ్ళ సంచిల పెట్టి, "ఇంకో మూడు నెలలు సూద్దం. గీసారి కోడలు ఎంట నడవాలె" అని నన్ను ఇరికిచ్చిండు. షుగరున్నోళ్ళు వట్టికాళ్ళతో నడవద్దని అత్తకు చెప్పులు కొనిపిచ్చిండు. నావి అరుగుతయని నేను చేతుల పట్టుకొని నడిచిన. నన్ను తిట్టుకుంట అత్త, ఆమె చెప్పులెంత అరిగినయో చూసుకుంట నేను, పొద్దుగాల పొద్దుగాల వాడకట్టంత తిరిగినం. షక్కర దిగింది, సూది తప్పింది.

కొన్నాళ్ళకు డాక్టర్ అచ్చయిన కాయితాలు తెచ్చిండు. అంత ఇంగ్లీషే. "నా పేరేది సారూ?" అన్నది అత్త. పేర్లు రాయరని చెప్పి, ఒక లైను మీద వేలు పెట్టి సదివి చెప్పిండు. ఒక మనిషి మొదటి లెక్క నమ్మేటట్టు లేదు, అందుకే తీసేసినమని. "గా ఒక్క మనిషి నేనే!" అని అత్త ఆ కాయితం పట్టుకొని ఇల్లిల్లు తిరిగింది. ఎవరూ ఎంట లేకుంట ఆమె గంత దూరం నడిచింది గదే మొదలు.

ఇప్పుడు అత్త లేదు. ఆమె షుగర్ నాకొచ్చింది. మనవరాలు నా చేతికి గడియారం కట్టింది. అది అడుగులు లెక్కవెడతది, జర కూసుంటే గుర్రుమంటది. రోజూ పొద్దుగాల చెప్పులేసుకొనే నడుస్తున్న, అరిగితే అరగనీ. పక్కింట్ల సాంచ ఇంకా నడుస్తనే ఉన్నది. ఆ కిటికీ కాడికి రాంగనే నా నడక నెమ్మదైతది, చెయ్యి గడియారం మీదికి పోతది. కట్టను. ఊకె చూస్త.

చూసుడుకు పైసలు వడవు గద.