ఎదురుచూసే సమాధి

మా ఐతుతాకి దీవిలో చర్చి పక్కనున్న హాల్లో, సముద్రం అడుగునుంచి తెచ్చిన నల్లగడ్డను బల్లమీద పెట్టాడు కంపెనీ మనిషి. మాడిపోయిన బంగాళాదుంపలా ఉందది. ఆమ్లంలో కరిగిస్తే కోబాల్టు, నికెల్ వస్తాయట. కరిగించే ఫ్యాక్టరీకి మా మడుగు ఒడ్డున నేల కావాలట.

ఆ నేల మా తెపాయెరు అత్తదీ, మా నాన్న తంగిమెతువాదీ. మా దగ్గర నేల అమ్మరు. కౌలుకివ్వాలన్నా ఇద్దరూ సరేననాలి. నాన్న అప్పటికే సరేనన్నాడు.

అత్త ఆదివారపు తెల్లటోపీ సర్దుకుని లేచింది.

"నాయనా, లోహం నువ్వు పట్టుకుపోయాక మిగిలే బురద ఎక్కడ పోస్తావ్?"

"భద్రమైన గుంట తవ్వుతామమ్మా."

"ఎక్కడో చూపించు."

అతను పటంమీద వేలు పెట్టాడు.

"అది నా చేమమడి! దుంపలతో పాటు నీ బురద కూడా ఉడకేసుకోమంటావా? ఉప్పు ఎంత వెయ్యాలో అదీ చెప్పు."

హాలంతా నవ్వింది. నాన్న నవ్వలేదు. ఇంటికి వస్తూ దారిలోనే మొదలుపెట్టాడు.

"పరువు తీశావక్కా. పిల్లలకి ఇక్కడే పని దొరుకుద్ది కదా!"

"ఏం పని రా? బురదకి కాపలానా?"

"నువ్వు ఒప్పుకోకపోతే కోర్టుకెళ్తా."

"వెళ్లు. చెప్పులేసుకుని వెళ్లు, రోడ్డు కాలుతుంది."

చనిపోయినవాళ్లను మేం ఇంటి ముందే పూడ్చుకుంటాం. సమాధి ఉన్న నేలను పరాయివాడికిచ్చినవాణ్ని ఊళ్లో ఎవరూ విందుకు పిలవరు. కానీ ఒడ్డున ఉన్న ఆ నేలలో ఒక్క సమాధీ లేదు. ఆ లోటు అత్త తనే తీర్చింది. తోపుడుబండిలో సిమెంటు తోలుకెళ్లి, గుంట తవ్వుతామన్న చోటికి ఆనుకుని ఉన్న గట్టుమీద తన సమాధి తనే కట్టుకుంది. సున్నం కొట్టి, పేరూ పుట్టిన ఏడూ రాసింది. పోయే ఏటికి చోటు వదిలింది.

కంపెనీ మనిషి వచ్చి తల గోక్కున్నాడు.

"ఇందులో ఎవరూ లేరు కదమ్మా! ఖాళీ సమాధి లెక్కలోకి రాదు."

"ఖాళీ ఏంటి, ఎదురుచూస్తోంది. తొందర నీకేగానీ నాకు లేదు."

మర్నాడు నాన్న సమ్మెట పట్టుకుని వచ్చాడు. ఊరంతా వెనకాలే వచ్చింది. అత్త వెళ్లి సమాధిమీద వెల్లకిలా పడుకుంది.

"లే అక్కా, పగలగొట్టేస్తా."

"కొట్టు. పేరు దగ్గర మొదలెట్టు. అమ్మ పెట్టిన పేరది."

"అపశకునం! బతికున్న మనిషివి అలా పడుకోకూడదు, లే!"

"నువ్వు కౌలు మాట మానెయ్, లేస్తాను. లేకపోతే ఇక్కడే మధ్యాహ్నం కునుకు తీస్తా. సున్నం చల్లగానే ఉంది."

ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న సమ్మెట ఎత్తాడు. ఎత్తినవాడు దించలేక, దించకుండా ఉండలేక, చివరికి దాన్ని ఇసుకలోకి విసిరేశాడు.

ఆ ఆదివారం చర్చి మెట్ల దగ్గర కంపెనీ మనిషి కాగితాలు చాపితే, నాన్న చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"మా అక్క పడుకునే చోట నేను సంతకం పెట్టను. పో."

కంపెనీ ఇప్పుడు పక్క ఊరి ఒడ్డు చూస్తోందని విన్నాం. అక్కడ అత్త స్నేహితురాలు ఒకామె ఉంది. మిగిలిన సిమెంటు బస్తాలు నిన్ననే ఆమెకు పంపింది అత్త, తాపీతో సహా.